మొదటి ఎదకు ముందు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. వానమబ్బు కాదు. ఎండనూ గాలినీ ఆపి, తనూ ఎటూ పోకుండా నిలబడిపోయిన పలచటి బూడిదరంగు మబ్బు. మొక్కలకు అంట్లు కట్టేవాడికి అలాంటి పూటలు ఏడాదికి పదో పన్నెండో దొరుకుతాయి. కోసిన పుల్ల వాడదు, కత్తిగాటు ఎండదు, అతికిన రెండు కొమ్మలూ ఒకదాని తడి ఒకటి పట్టుకునేదాకా ఓపిగ్గా ఉంటాయి. అలాంటి పూటను చేతులారా వదులుకుని అతను కుక్కల ఆసుపత్రి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒళ్లో మూతబుట్ట, బుట్ట మీద అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితం, ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టిన పెన్ను. బుట్టలో ఆరు నెలలకు వారం తక్కువైన ఆడ కుక్కపిల్ల. కాంపౌండరు ఇందాకే తూచి రెండు కిలోల వంద గ్రాములని రాసుకున్నాడు. "రాత్రి నుంచీ ఖాళీ కడుపేగా?" అన్నాడు. అతను తలూపాడు. "సంతకం చేసి ఉంచండి. మీ ముందు ఒకరున్నారు, గంట పడుతుంది" అని లోపలికి పోయాడు.

గంట. సంతకానికి గంట దేనికి? అతని పేరు మూడక్షరాలు. ఊరి బడిలో పలక మీద దిద్దిన మూడక్షరాలే ఇప్పటికీ, అదే వంకర, అదే ఒత్తు. నర్సరీలో వచ్చిన మొక్కలకూ పోయిన మొక్కలకూ రోజుకు ఇరవైసార్లు పెడతాడు. ఈ కాగితం మీద మాత్రం పెన్ను ఆనించి ఎత్తుతున్నాడు, ఆనించి ఎత్తుతున్నాడు. "పై ఆపరేషన్ గురించి నాకు వివరంగా చెప్పారు. ఇంట్లోవారితో ఆలోచించుకుని ఒప్పుకుంటున్నాను." మొదటి ముక్క నిజమే, చెప్పారు. పోయిన వారం డాక్టరమ్మ కుక్కపిల్ల నోరు తెరిచి చూస్తూ చెప్పింది. పెద్ద జాతి కుక్కలైతే ఎముకలు ముదిరేదాకా ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర ఆగమంటానని, ఇది చిన్న జాతి, తొందరగా ఎదుగుతుంది, తొందరగానే ఎదకొస్తుందని. మొదటి ఎదకు ముందే గర్భసంచీ అండాశయాలూ తీసేస్తే ముందు ముందు చన్నుల్లో గడ్డలు లేచే భయం బాగా తగ్గుతుందట. కొందరు ఒక ఎద చూసి చేయిస్తారు, అదీ తప్పు కాదు, కొన్నిటికి మరీ ముందు చేస్తే పెద్దయ్యాక ఒంటేలు ఆగని ఇబ్బంది వస్తుందట. ఊడని పాలపళ్లు రెండున్నాయి, ఎటూ మత్తిస్తాం కాబట్టి అవీ తీసేయొచ్చట. "నన్నడిగితే ఇప్పుడే మేలంటాను. కానీ కుక్క మీది. ఇంట్లో మాట్లాడుకుని రండి" అంది. అతను తల గీరుకుని, "వచ్చే వారం పెట్టేయండి" అన్నాడు. మాట్లాడుకోవడం అయిపోయిందన్నట్టు.

మాటకు కరువు మనిషి. నర్సరీలో వెనకాల మూగమేస్త్రి అంటారని అతనికి తెలుసు. పనిలో మాటెందుకు? కత్తి మాట్లాడుతుంది. అంటు కట్టిన మొక్క మొదటి ఏడాదే పూస్తుంది, మోకాలెత్తు లేకుండానే. కొన్నవాళ్లు మురిసిపోయి ఫొటోలు తీసుకుంటారు. ఆ పూత తుంచేయండి అంటాడతను. అదే ఒక పెద్ద ప్రసంగం అతనికి. లేత కొమ్మ కాయను మోయలేదు, కాయ కోసం వేరును ఎండగట్టుకుంటుంది, రెండేళ్లలో మోడవుతుంది. వాళ్లు బాధపడుతుంటే తనే వంగి బొటనవేలి గోటితో టుక్కుమని తుంచేస్తాడు. తుంచిన చోట బొట్టంత జిగురు ఊరుతుంది, కాసేపటికి ఆరుతుంది. ముప్పై ఏళ్లలో ఎన్ని వేల పూతలు తుంచాడో. ఒక్క మొక్కనూ అడగలేదు. మొక్కను అడిగేదేముంది. కుక్కను అడిగేదేముంది. అలా అనుకుంటూ పోతే ఆ వరస ఎక్కడికి పోయి ఆగుతుందో అతనికి తెలుసు. అందుకే గోడ మీద నులిపురుగుల మందు బొమ్మ చూశాడు, తలుపు కింద సందు చూశాడు, నేల మీద ఎవరిదో చిన్న గోటి గీత చూశాడు.

"ఆడపిల్లేనా తమ్ముడూ?"

పక్క కుర్చీలో పెద్దావిడ. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైందట. కూర్చున్న పది నిమిషాల్లో ఆ సంగతి గదిలో అందరికీ తెలిసింది. ఒళ్లో శాలువాలో చుట్టిన ముసలి కుక్క. అదీ చిన్న జాతే, కళ్ల మీద పాలపొర.

"ఆఁ."

"ఎన్నో నెల?"

"ఆరు."

"ఎదకొచ్చిందా?"

ఎదురుగా పిల్లిని పట్టుకు కూర్చున్నాయన పేపరు కాస్త పైకెత్తుకున్నాడు. అతను మెల్లగా, "ఇంకా లేదు" అన్నాడు.

"అయితే నా మాట విని కానిచ్చెయ్. దీన్ని చూడు." శాలువా తొలగించింది. పొట్ట పొడుగునా కుట్టు గీత, గోనెసంచి మూతి కుట్టినట్టు. దాని పక్కన ఇంకో గీత. వాటి కింద కొత్తగా లేచిన గడ్డ, రేగుపండంత. "రెండుసార్లు కోశారు, ఇది మూడోది. ఒక్క ఈతన్నా ఈననివ్వమ్మా, తల్లి కాకముందే కోయిస్తే పాపం అన్నారు అందరూ. సరేనని కూర్చున్నా. ఇది ఈనిందీ లేదు, నేను కోయించిందీ లేదు. పదకొండేళ్లొచ్చాయి. ఆ చెప్పినవాళ్లలో ఒక్కరన్నా ఇవాళ ఈ కుర్చీలో కూర్చున్నారా? అందరూ స్టేజీ రాకముందే దిగిపోయే రకాలు!" ముసలిదాని చెవి నిమిరింది. గొంతు తగ్గింది. "దీని తప్పేముంది పాపం. అయినా నువ్వు కాగితం పట్టుకుని అట్లా కూర్చున్నావేం? మీ ఇంటావిడేమంటుంది?"

"ఏమీ అనలేదు."

"అడిగావా?"

అతను పెన్ను దారం వేలికి చుట్టుకున్నాడు.

"అడక్కపోతే ఎవరంటారయ్యా! ముప్పై ఏళ్లలో అడక్కుండా టికెట్ తీసుకున్నవాణ్ని ఒక్కణ్ని చూశా నేను, వాడూ తాగున్నాడు" అంది. లోపల్నుంచి పిలుపొచ్చింది. శాలువా సర్దుకుని లేచి, అడ్డంగా నిలబడ్డ కాంపౌండరును "జరగాలి, జరగాలి" అంటూ లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది. ఆమె గొంతు పోయాక గది మరీ చిన్నదైపోయింది.

అడిగావా. నిన్న సాయంత్రం అతను చెప్పిందల్లా, "రేపు పొద్దున దానికేమీ పెట్టకు" అని. భార్య కుట్టుమిషను దగ్గరుంది. ఎవరిదో బడిపిల్ల గౌను అంచు దించుతోంది. "ఎందుకూ?" అంది. "డాక్టరుకు చూపించాలి" అన్నాడు. మిషను చక్రం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది. అంతే. డాక్టరుకు చూపించడానికి కడుపు మాడ్చుకుని ఎవరు పోతారు? ఆ మాట అన్నప్పుడే అతనికి తట్టాల్సింది. ఖాళీ కడుపంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. రాత్రి తొమ్మిది నుంచి మర్నాడు సాయంత్రం నాలుగు దాకా, ఆసుపత్రి మంచం మీద, పంతొమ్మిదేళ్ల కింద, ముందు వాళ్ల కేసు ముందు వాళ్ల కేసు అని జరుపుకుంటూ పోతే, పెదాలు బెరడులా పగిలి, "ఒక్క గుక్క నీళ్లివ్వయ్యా, మింగనులే, పుక్కిలించి ఊస్తా" అంది. నర్సు వద్దన్నదని అతను గ్లాసు వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు. చిన్నపిల్లాడు దొంగిలించిన వస్తువు దాచుకున్నట్టు. ఆమెకు అప్పుడు ముప్పై ఒకటి. కూతురు రెండో తరగతి. నెలలో సగం రోజులు రక్తం పోయేది, మిషను మీద తల వాల్చి పడుకునేది, మొహం పాలిపోయి కాగితంలా ఉండేది. గడ్డలన్నారు, తీస్తామన్నారు. సరే. గడ్డలే కదా.

నాలుగింటికి ఆమెను చక్రాల మంచం మీద తోసుకుపోయారు. రెండు రెక్కల తలుపు, దానికి గుండ్రటి అద్దాలు. కాసేపటికి పెద్ద డాక్టరు ముసుగు గడ్డం కిందికి లాక్కుని బయటికొచ్చాడు. "గడ్డలు మాత్రం తీసి సంచి ఉంచొచ్చు, కానీ మళ్లీ రావచ్చు. మొత్తం తీసేస్తే పీడా పోతుంది. మీ ఇష్టం. ఐదు నిమిషాల్లో చెప్పండి." ఇలాంటి అట్టే, ఇలాంటి క్లిప్పే. అప్పటికింకా ఆమెకు మత్తు ఇవ్వలేదు. అద్దంలోంచి కనిపిస్తోంది, కప్పు కేసి చూస్తూ, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని. పన్నెండడుగులు. తర్వాత ఎన్నిసార్లు లెక్కపెట్టాడో ఆ పన్నెండడుగులనూ. పోయి, వంగి, ఇదీ సంగతి, ఏం చేద్దాం అని అడగడానికి పన్నెండడుగులు. పోలేదు. భయమా? మళ్లీ రక్తం చూడాల్సి వస్తుందని భయం, నిజమే. ఆడవాళ్ల సంగతి అందరి ముందూ ఎలా అడగడమని సిగ్గు, అదీ నిజమే. ఆమె ఏడుస్తుందేమో, ఏడిస్తే తనేం చేయాలో తెలీదు, అది అన్నిటికంటే నిజం. మూడక్షరాలు పెట్టాడు. డాక్టరు తలుపు తోసుకుని పోతుంటే ఆ సందులోంచి ఆమె మెడ తిప్పి, "ఏమన్నారు?" అంది. "చిన్న ఆపరేషనే" అన్నాడు.

చిన్న ఆపరేషనే. కుట్లు విప్పిన రోజు నర్సు నవ్వుతూ, "ఇక నెలనెలా బాధ లేదమ్మా, పిల్లల గొడవా లేదు, మహారాణివి" అంది. ఆమె అతని వైపు చూసింది. అతను గోడ మీద కేలండరు చూశాడు. ఆ నెలలో ఐదు ఆదివారాలున్నాయి. ఇంటికొస్తుంటే బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అరిచి ఉంటే బాగుండేది. చుట్టాల్లో పెట్టి నాలుగు దులిపి ఉంటే బాగుండేది. ఒక్క మాట లేదు. ట్రంకుపెట్టెలో కూతురి ఉన్నిటోపీలు నాలుగు దాచి ఉంచేది, రెండోదానికి పనికొస్తాయని. కొన్నాళ్లకు చూస్తే టోపీల్లేవు, ఆ చోట ఉన్నిఉండ ఒకటి ఉంది. విప్పి చుట్టేసింది. తర్వాత ఏడాదిలోనే ఆమెకు ఉన్నట్టుండి ఒళ్లంతా సెగ పుట్టేది, తింటూ తింటూ లేచిపోయి మొహం కడుక్కునేది, చెంపలు ఎర్రబడేవి. తన మీద కోపమనుకున్నాడు. అది కోపం కాదు, ఒంట్లోంచి తీసేసినదాని తాలూకు సెగ అని చాలా ఏళ్లకు ఎవరో ఆడమనిషి ఎవరితోనో చెబుతుంటే పక్కనుంచి విని తెలుసుకున్నాడు. కోపమే అయితే ఒక విధంగా తేలిగ్గా ఉండేదేమో. కూతురు పెరిగింది, పెళ్లి చేసుకుని వెళ్లింది, ఇల్లు ఖాళీ. ఆరు వారాల ముందు నర్సరీకి వచ్చే ఒకాయన ఇల్లు మారుతూ ఈ పిల్లను చేతిలో పెట్టి పోయాడు. ఆమె చూసి, "ఇదేం కుక్కయ్యా, గుప్పెడు లేదు. ఎలుకలొస్తే మనమే దీనికి కాపలా కాయాలి" అంది. గుప్పెడు అన్నదే పేరైంది దానికి. వద్దు వద్దంటూనే మిషను పెడల్ పక్కన పాత గుడ్డలతో పక్క వేసింది. కత్తిరించిన ముక్కలన్నీ దానివే ఇప్పుడు. రాలిన పాలపన్ను ఒకటి దొరికితే బొత్తాల డబ్బాలో వేసుకుంది. అతను చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు. ఆమెకు తెలియకుండా అన్నీ చూడటం, తెలిసేలా ఏదీ అనకపోవడం, అదొక్కటే వచ్చు.

"గుప్పెడు వాళ్ల నాన్న ఎవరండీ?"

అతను చుట్టూ చూశాడు. పిల్లి ఆయన పేపరు దించి, "మిమ్మల్నేనండీ" అన్నాడు. అవును కదా, తననే. కాంపౌండరు తలుపు సందులోంచి, "రెడీ చేస్తున్నాం. కాగితమైందా?" అన్నాడు. లోపలికి పోయిన ముసలిదాని సంగతి ఏమైందో, పెద్దావిడ గొంతు ఎక్కడా వినిపించడం లేదు. అతను పెన్ను పట్టుకున్నాడు. చేయించడం మంచిదే, డాక్టరమ్మ మాటలో మోసం లేదు, ఆ రేగుపండంత గడ్డ చూశాక ఇక అనుమానమే లేదు. మరి చెయ్యి ఎందుకు కదలదు? అట్ట పక్కన పెట్టి, ఒక్కసారి చూద్దామని బుట్ట మూత తీశాడు. గుప్పెడు లేచి, ముందుకాళ్లు అంచున పెట్టి, ఒళ్లంతా తోకే అయినట్టు ఊగింది. దాని గడ్డం కింది తెల్లటి వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి. పచ్చగా. బొటనవేలితో తుడవబోయాడు. గోటికి పొడిపొడిగా రాలింది. వాసన చూశాడు. గుడ్డు. ఉడికించిన గుడ్డు పచ్చసొన.

వద్దన్నా పెట్టింది. పొద్దున అతను బుట్ట దులిపి గుడ్డ పరుస్తుంటే వంటింట్లో అటు తిరిగి నిలబడి ఉంది, మోచేయి మాత్రం చిన్నగా ఆడుతోంది. మరిచిపోయి పెట్టే మనిషి కాదు. ఒకరి కొలత చెబితే పదేళ్లయినా మరిచిపోదు. ఎందుకు పెట్టొద్దన్నాడో తెలిసే పెట్టింది. చెప్పనివాడితో వాదనేముంది. ఒక గుడ్డు ఉడికించి, వలిచి, సొన చిదిమి, చేతితో తినిపించింది. పంతొమ్మిదేళ్లలో ఆ సంగతి గురించి ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. గోటికింత పచ్చగా. అయినా అతను ముందు చేసిన పని మాత్రం తుడవడం. జేబురుమాలు తీసి ఆ గడ్డం తుడిచాడు, అటు ఇటు చూశాడు కూడా. తుడిచేశాక ఎవరికీ తెలీదు. సంతకం పెడితే గంటలో అయిపోతుంది, ఇంటికి తీసుకుపోయి పక్క మీద పెడితే అదీ అయిపోతుంది. ఆమె ఏమీ అనదు. ఏమీ అనదు, ఇంకో పంతొమ్మిదేళ్లు. గుప్పెడు అతని బొటనవేలు నాకింది, ఇంకా ఉందేమోనని.

లేచి తలుపు దాకా పోయాడు. "ఇది తిన్నది" అన్నాడు.

కాంపౌండరు నుదురు కొట్టుకున్నాడు. "ఇందాక అడిగితే తలూపారుగా!"

"నాకు తెలీదు. మా ఆవిడ పెట్టింది."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చెప్పారు, బతికించారు. మత్తులో కక్కిందంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవాళ చేయను." కుక్కపిల్ల చిగుళ్లు చూసింది. "నిజానికి ఇంత చిన్నదాన్ని రాత్రంతా మాడ్చకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఆపరేషన్‌కు ముందు నాలుగైదు గంటలు చాలు. ఆ ముక్క మావాళ్లు మీకు సరిగా చెప్పలేదు, తప్పు మాది." కాంపౌండరు గోడ కేసి చూశాడు. "మీ ఆవిడకు ఇష్టం లేదా?"

"తెలీదమ్మా."

"కనుక్కోండి. వచ్చే వారం ఇదే రోజు ఖాళీ ఉంది. ఈలోగా ఎదకొస్తే మాత్రం ఫోన్ చేయండి, అప్పుడిక రెండు మూడు నెలలు ఆగాల్సిందే."

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దారంతో కట్టిన పెన్ను జేబులోకి రాబోతే కాంపౌండరు లాక్కున్నాడు. బస్సులో బుట్ట ఒళ్లో పెట్టుకుని, చెప్పాల్సినవన్నీ వరసగా లోపల పేర్చుకున్నాడు, నారు తట్టలో పేర్చినట్టు. ఎముకలు, ఎద, గడ్డలు, ఒంటేలు, పాలపళ్లు. ఒకటి తీస్తే ఒకటి పడిపోతోంది. మళ్లీ పేర్చుకున్నాడు.

భార్య మిషను ముందే ఉంది. అతని మొహం చూడలేదు, బుట్ట చూసింది. గుప్పెడు మూత తోసుకుని దూకి, తన నాలుగు కాళ్ల మీద తాను పరిగెత్తి ఆమె పాదాల మీద పడింది. ఆమె దాన్ని తిరగేసి పొట్ట చూసింది. ఏమీ లేదు.

"చేయలేదా?"

"గుడ్డు పెట్టావుగా."

"పెట్టాను" అంది. సంజాయిషీ లేదు.

కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు కూర్చునే ముక్కాలిపీట లాక్కుని అతను ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ పీట మీద కూర్చోవడం అదే మొదలు. కాగితం తీసి మిషను బల్ల మీద పరిచాడు. చెప్పాడు. డాక్టరమ్మ అన్నదంతా, ఇప్పుడు చేయిస్తే ఏమిటి, ఒక ఎద చూసి చేయిస్తే ఏమిటి, ఏది ఏ భయాన్ని తగ్గిస్తుంది, ఏది ఏ ఇబ్బంది తెస్తుంది. పెద్దావిడ కుక్క పొట్ట మీది కుట్లు కూడా చెప్పాడు. మధ్యలో గొంతు ఎండిపోయింది, అంతసేపు మాట్లాడటం దానికి అలవాటు లేదు. ఆమె అడిగింది, మత్తులో నొప్పి తెలుస్తుందా అని. తెలీదట అన్నాడు. లేచాక అని. రెండు మూడు రోజులుంటుంది, మందిస్తారు. పిల్లలు లేరని దానికి దిగులుంటుందా అని. ఆ సంగతి నాకు తెలీదు అన్నాడు, డాక్టరమ్మను అడగలేదు అన్నాడు.

"నువ్వేమంటావు?" అన్నాడు చివరికి.

ఆమె చాలాసేపు గుప్పెడు చెవి మడిచి విప్పింది. "చేయిద్దాం. వచ్చే వారమే, ఎదకు రాకముందే. నేనూ వస్తాను. అది కళ్లు తెరిచేటప్పటికి నేను కనిపించాలి."

"సరే."

అయినా అతను పీట మీంచి లేవలేదు. "ఆ రోజు" అన్నాడు. కాగితం మడత వేలితో సాపు చేశాడు. "ఆ రోజు, నేను లోపలికొచ్చి..."

"అడిగుంటే నేనూ తీసేయమనేదాన్నే" అంది ఆమె, గౌను అంచు చూస్తూ. "అంత బాధ. ఎన్నిసార్లు ఆలోచించుకున్నా అదే అంటాను." దారం పంటితో తెంపింది. "అడగలేదనే. ఇన్నాళ్లూ అదే."

ఆమె లేచింది. "లే. దానికి పెట్టొద్దని నువ్వూ తినకుండా పోయావుగా పొద్దున. నీకెవరు చెప్పారు మాడమని?"

ఎప్పుడూ అతనికి పెట్టి, అతను లేచాక తినే మనిషి, ఆ రోజు రెండు కంచాలూ ఒకేసారి పెట్టి ఎదురుగా కూర్చుంది. అన్నం, బంగాళదుంపల కూర, పొద్దుటి గుడ్డులో మిగిలిన తెల్లసొన రెండు ముక్కలు. గిన్నెలో గుప్పెడుకూ ఇంత. బయట మబ్బు విడిపోయి ఎండ గుమ్మంలోకి వచ్చింది. ఆమె నెమ్మదిగా తినే మనిషని అతనికి ఇన్నేళ్లకు తెలిసింది. తను ముందు లేవాల్సి వస్తుందేమోనని ముద్ద చిన్నది చేసుకుని, మెల్లగా నమిలాడు.